మహిళా మండలి పూలబండి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఒక్కటీ ఉండేది కాదు. పంతొమ్మిదేళ్ల వయసు, కొన్ని నెలల ట్రైనింగు, కొత్తగా గ్రామసేవిక ఉద్యోగం, ఇంక తెలియకపోవడానికి ఏముంటుంది? ఇప్పుడు మనవరాలు ఏదడిగినా 'ఏమో బిడ్డా' అంటాను గానీ, అప్పుడు ఆ మాట నా నోట వచ్చిన గుర్తు లేదు. ఆలంపూర్ నుంచి వచ్చి, కోస్గి పక్క ఊళ్లో ఒక గొల్లవారింట్లో కిరాయికి ఉండేదాన్ని. ఆ ఇంటి పెద్దామెను ఊరంతా గునుగవ్వ అనేవాళ్లు. బతుకమ్మకు కోసుకొచ్చిన గునుగుపూలలో మిగిలినవాటిని ఎండబెట్టి, ఎరుపూ నీలమూ అద్ది, కట్టలు కట్టి దూలానికి వేలాడదీసేది. (ఆ కట్టలు తలకు తగిలి నా జడ నిండా రోజూ రంగే.)

జనవరిలో జెండా పండుగకు కోస్గిలో ఊరూరి బండ్లు అలంకరించి ఊరేగించాలని మా బ్లాకు ఆఫీసు పెద్దసారు మీటింగు పెట్టాడు. నన్ను చూసి, "మీరు ముగ్గులేయించుండ్రి చాలమ్మా, బండి ముచ్చట మొగోళ్లు చూసుకుంటరు" అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. "మా బండి మా ఆడవాళ్లే కడతారు సార్, మొదటి బహుమతి మాదే" అనేశాను. (బండి ఎవరిస్తారో అప్పటికింకా అడగనే లేదన్న సంగతి వేరు.) మా మహిళా మండలి వాళ్లకు చెబితే మాత్రం ఒకటే సంబరం. "అయితే మేం గూడ బండెక్కుతమా సేవికమ్మా? ఎన్నడు జూసినా అర్రల నిలబడి తొంగిజూసుడేనాయె!" అని ఒకామె నా చేతులు పట్టుకుని వదల్లేదు.

రెండు రోజులు ఊళ్లో వంటలు సరిగ్గా సాగలేదు. మిరపతోటల గట్ల మీద ఉన్న బంతిపూలన్నీ మా ఒళ్లోకి వచ్చిపడ్డాయి. బండి వెనక గోనెపట్ట బిగించి, దాని మీద దబ్బనంతో బంతిపూలు కుట్టి 'పశువులను పోషించండి' అని జానెడు జానెడు అక్షరాలు రాశాం. గునుగవ్వ తన ఎండుపూలు మొత్తం దూలం మీంచి దించి తెచ్చింది. "బిడ్డా, పచ్చివి మీదికి గట్టు, ఎండువి కిందికి గట్టు. ఎడ్ల నోరు అందే జాగల పచ్చిపూలు ఆగుతయా?" అంది. "అవ్వా, మా ట్రైనింగులో చెప్పారు, అక్షరాలు కంటికి ఎదురుగా ఉండాలి" అన్నాను. "గట్లనా" అని ఆమె ఎండుపూలతో చక్రాలూ బండి పక్కకర్రలూ చుట్టుకుంటూ కూర్చుంది.

ఊరేగింపు మొదలైంది. బజారు రెండు వైపులా జనం, ముందు డప్పులు, బండి మీద కొత్త చీరల్లో మా వాళ్లు, నా గుండె అంతకన్నా గట్టిగా! ఇంతలో వెనక నుంచి నవ్వులు. తిరిగి చూద్దును గదా, వెనక బండి ఎద్దు ఒకటి మా గోనెపట్టకు మూతి ఆనించి తీరుబడిగా నములుతోంది. 'పశువులను' పూర్తయిపోయింది. 'పోషించండి' మిగిలింది.

"ఓరి, గీ ఎద్దుకు చదువొచ్చురా! పోషించండి అంటే మేస్తాంది!" అని ఎవరో అరిచారు. బజారు బజారంతా విరగబడి నవ్వింది. నేను బండి మీంచి దూకేశాను. ఒక చెప్పు ఎక్కడో పోయింది. ఒక చేత్తో ఎద్దు మూతి నెడుతూ, ఇంకో చేత్తో 'పో'ను కాపాడుకుంటూ బండి వెంట పరుగు. "నువ్వు దాన్ని పట్టు బిడ్డా, మేం జూస్తం!" అని గునుగవ్వ కేక. చూస్తుండగానే ఆడవాళ్లంతా పక్కకర్రలకు చుట్టిన ఎండు గునుగు పీకి, నడుస్తున్న బండిలోంచే వంగి ఖాళీలో గుచ్చేశారు. బండి పెద్దసారు ముందుకు వచ్చేసరికి ఎర్రెర్రగా, వంకరటింకరగా 'పశువులను' మళ్లీ నిలబడింది. ఎద్దు ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది.

మొదటి బహుమతి రాలేదు. రెండోదీ రాలేదు. కానీ పెద్దసారు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటూ, "వచ్చే యేడు గూడ మీ బండి రావాలమ్మా, అందరికన్న ముందల మీదే" అన్నాడు. మావాళ్లు ఊరు చేరేదాకా పాడుతూనే ఉన్నారు, బండి దిగమంటే దిగలేదు.

ఇప్పుడు నేను ఏ పని మొదలుపెట్టినా పదిమందిని అడిగి, పదిసార్లు ఆలోచించి, చివరికి మానేస్తాను. అప్పుడప్పుడు ఆ ఒంటిచెప్పు పిల్ల గుర్తొస్తుంది. పిలిచి 'జర నిమ్మళంగా పో తల్లీ' అని చెబుదామనిపిస్తుంది. అంతలోనే వద్దులే, ఉరకనీ అనుకుంటాను.