అరచుట్టు వదులు

ప్రయోగశాలలో అందరూ ఆమెను బొగ్గక్క అనేవాళ్లు. గోళ్లలో ఎప్పుడూ నల్లటి కర్బనపు పొడి. ఎంత రుద్దినా పూర్తిగా పోయేది కాదు. అన్నం కలిపి ముద్ద పెట్టబోతే కూతురు మొహం తిప్పేసుకునేది. "నీ చెయ్యొద్దు, నాన్న చెయ్యి కావాలి."

ఆ పొడిని పలచటి రేకుగా చేసి, ఉప్పునీటిలో నానబెట్టి, కరెంటు ఇవ్వడం ఆమె పని. కర్బనం నిండా కంటికానని రంధ్రాలు. కరెంటు ఎక్కిస్తే ఉప్పులోని అయాన్లు వాటిలోకి దూరతాయి, దించితే బయటికొస్తాయి. చిటికెలో ఛార్జయ్యే సూపర్‌కెపాసిటర్ల బతుకంతా ఈ రాకపోకలే. లోపల ఎన్ని ఉన్నాయో ఎక్స్‌రేలు పట్టిస్తాయి. ఆ పెద్ద యంత్రం దగ్గర ఏడాదికోసారే వంతు దొరుకుతుంది. ఈ వంతులో ఫలితం తేలితే థీసిస్ రాసుకోవచ్చు. తేలకపోతే మళ్లీ ఏడాది పడిగాపులు.

మధ్యాహ్నానికి తెరమీద అయాన్ల లెక్క చూపే గీత లేస్తూ పడుతూ ఉంది. ఎక్కించి దించిన ప్రతిసారీ ముందుకన్నా కాస్త కిందికి దిగుతోంది.

గైడ్ కుర్చీ ముందుకు లాక్కున్నారు. "చూశావా? బయటికి వెళ్లినవి అన్నీ తిరిగి లోపలికి రావట్లేదు. ఇలా ఎవరూ చూపించలేదమ్మా. ఇన్నాళ్లకి పండింది పో, నీ బొగ్గు!"

"అయితే టీ మేడంగారిదే," అన్నాడు యంత్రం చూసే ఆయన.

ఆమె నవ్వింది. 'బాగానే వస్తోంది' అని భర్తకు మెసేజ్ పెట్టింది. తర్వాత మళ్లీ తెర చూసింది. ఎక్కించడానికీ దించడానికీ మధ్య కాసేపు విరామం ఉంటుంది. అక్కడ గీత కదలకూడదు. అక్కడా జారుతోంది.

పొద్దున రేకునీ ఉప్పునీళ్లనీ పెట్టే చిన్న డబ్బీ, సెల్, బిగిస్తుంటే, ఆఖరి స్క్రూ దగ్గర కిటికీ పొర పిట్టున చిరిగింది. ఎక్స్‌రేలు లోపలికి పోవడానికి పెట్టే పొర అది, ఉల్లిపొరకన్నా పలచన. రెండో సెల్‌కి ఆ భయంతోనే ఆఖరి స్క్రూ అరచుట్టు వదులుగా ఉంచింది.

"సార్, కరెంటు తీసేసి కాసేపు చూద్దామా?"

"ఉన్న టైమే తక్కువ, ఇప్పుడెందుకు?" అని, ఆయన ఆమె మొహం చూశారు. "కారుతోందంటావా?"

"కారకపోతే బాగుణ్ణు సార్."

కరెంటు తీసేశారు. గీత ఇందాకటిలాగే, తీరిగ్గా జారుతూ పోయింది. అయాన్లు ఎక్కడికీ తప్పిపోలేదు. నీళ్లతోపాటు బయటికి కారిపోతున్నాయి.

గైడ్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "టీ తాగాక చెప్పాల్సింది," అన్నారు చివరికి.

ఎక్స్‌రేలు ఆపి గది తలుపు తీశారు. ఆఖరి స్క్రూ పక్కన ఆవగింజంత ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ఆమె దాన్ని కాగితంతో తుడిచేసింది. కొత్త రేకు నానడానికే ఒక పూట పడుతుంది. ఆలోపు వంతు అయిపోతుంది.

"మరి మిగిలిన టైము వదిలేస్తారా మేడం?"

"ఎందుకు వదలడం? పొడి రేకు పెడతాను. ఉప్పునీళ్లు లేకుండా ఎలా ఉంటుందో కొలిచి ఉంచుకుంటే, వచ్చే ఏడాది వచ్చే లెక్కలోంచి దీన్ని తీసేసుకోవచ్చు."

ఆఖరి స్క్రూని ఈసారి పూర్తిగా తిప్పింది. పొర చిరగలేదు. చిరిగినా బాగుండేది, పొద్దుటి భయానికి అర్థముండేది అనిపించింది.

ఫోన్లో భర్త జవాబు వచ్చి ఉంది. 'అమ్మ చెయ్యి ఎప్పుడు తెల్లబడుతుందని పాప అడుగుతోంది.'

గోళ్లవంక చూసుకుని టైపు చేసింది. 'ఇంకో ఏడాది నాన్న చెయ్యేనని చెప్పండి.'