గాలి అందని పెసలు

పొద్దున మనవరాలు డబ్బా మూత తీయగానే పుల్లటి కల్లు వాసన గుప్పుమంది. మొలకెత్తాల్సిన పెసలు పాడైపోయాయని దానికి ఒకటే దిగులు. నాకేమో మా ఎస్తేరమ్మ టీచరుగారు గుర్తొచ్చి నవ్వు ఆగలేదు.

పంతొమ్మిది వందల నలభైలలో, బెజవాడలోని మా ఆడపిల్లల బడికి ప్రయోగశాల అంటూ ఏమీ లేదు. టీచరుగారు కిళ్ళీకొట్టు సున్నాన్ని నీళ్ళలో కలిపి, పైన తేరిన నీళ్ళు గ్లాసులోకి వంచి, బొప్పాయి కాడతో అందులోకి ఊదించి, మన ఊపిరికి అవి తెల్లబడటం చూపించేవారు. "గింజ కూడా మనలాగే ఊపిరి తీస్తుందర్రా. లోపలి చక్కెరను ఖర్చు పెట్టుకుని బతుకుతుంది. అప్పుడు పుట్టే వేడిని చేత్తో పట్టుకుని చూద్దాం" అని, నానబెట్టిన పెసలు తెమ్మని నాకు పురమాయించారు.

మాది నేతవాళ్ళ ఇల్లు. ఏదైనా బిగువుగా ఉంటేనే మాకు తృప్తి. వేడి బయటికి పోకూడదని సీసా మూత చుట్టూ నూలుకు పెట్టే చిక్కటి గంజి పూసి, గుడ్డపీలికలు అంటించి, రెండు రోజులు అలాగే ఉంచాను. క్లాసులో మూత తీశానో లేదో అందరూ ముక్కులు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నాన్న. ఇంట్లో నేతకు నూలు కండెలు చుట్టేవాళ్ళు లేరు, ఇక నా చదువు చాలని చెప్పడానికి వచ్చారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

టీచరుగారు సీసా వాసన చూసి మురిసిపోయారు. "గాలి అందితే గింజ చక్కెరను పూర్తిగా విడగొట్టి శక్తి రాబట్టుకుంటుంది. సున్నపు తేటను తెల్లబరిచే బొగ్గుపులుసు గాలీ, నీళ్ళూ మిగులుతాయి. నువ్వు గాలి రానివ్వలేదు కదా, పని సగంలో ఆగి, శక్తి కొంచెమే వచ్చి, సారా మిగిలింది. ఈ పాఠం నేను చెప్పాలనుకోనే లేదు, నువ్వే చెప్పావు."

"మగ్గం మీద నాకు ఆయాసం వచ్చేదీ ఇందుకేనాండీ?" నాన్న గుమ్మంలోంచే అడిగారు. ఆవిడ ఆయన చేతికి బొప్పాయి కాడ ఇచ్చారు. నాన్న ఊదితే సున్నపు తేట మెల్లగా తెల్లబడింది. "ఇప్పుడు పదిసార్లు మెట్లెక్కి దిగి రండి" అన్నారు ఆవిడ. పంచె ఎగ్గట్టి నాన్న మెట్ల మీద పరుగెడుతుంటే క్లాసంతా లెక్కపెట్టింది. ఈసారి కొత్త గ్లాసులో తేట చూస్తుండగానే పాలలా మారింది. "ఒళ్ళు కష్టపడితే చక్కెర ఖర్చు ఎక్కువ, వదిలే గాలీ ఎక్కువేనండి, అందుకే ఆయాసం" అన్నారు టీచరుగారు. నాన్న రొప్పుతూనే నవ్వారు. వచ్చిన పని చెప్పకుండానే వెళ్ళిపోయారు.

సాయంత్రం భయపడుతూనే ఇంటికి వెళ్ళాను. నాన్న రాట్నం ముందు కూర్చుని తనే కండెలు చుట్టుకుంటున్నారు. "ఇంతకీ మనం తినేది అన్నం గదా, లోపలికి చక్కెర ఎట్లా వచ్చిందే?" అన్నారు.

తెలియదన్నాను.

"అయితే రేపు బడికెళ్ళి అడిగి రా."

తర్వాత ముప్పై ఏళ్ళు నేనూ సైన్సు చెప్పాను. పిల్లలు అడిగినదానికి జవాబు తోచనప్పుడు ఏనాడూ సిగ్గనిపించలేదు, సంతోషమే వేసేది. తెలియదు అన్న మాట మీదే నా చదువు నిలబడింది మరి.