సీసం పెట్టె ఉన్న గది

టేకులపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. అది మూతపడి ఏడాది తిరగకముందే దాని మంచాలు కొనడానికి పాత ఇనుము వాళ్ళ ట్రాలీ ఆటో వచ్చింది. రెండు వేల నాలుగో సంవత్సరం, మంచి ఎండాకాలం. ఆసుపత్రి కమిటీ కార్యదర్శి క్రాంతికుమార్ దగ్గరుండి సామాను బయట పెట్టిస్తున్నాడు. వెనక వరుసలో చివరి గది తాళం పగలగొట్టబోతుంటే ఆ చప్పుడు విని, క్వార్టర్‌లో అన్నం వారుస్తున్న పాత నర్సు తబిత గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"క్రాంతీ, ఆ గది ముట్టుకోవద్దు. నీకెన్నిసార్లు చెప్పిన?"

"లోపల సీసం పెట్టె ఉంది గదా ఆంటీ. అన్నిటికన్నా దానికే మంచి ధర వస్తదంటున్నరు."

"సీసం సంగతి కాదు బిడ్డా. సీసం లోపల ఏమున్నదో అది సంగతి."

ఆమె తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆటో వాళ్ళు కాసేపు చూసి, మంచాలు ఎక్కించుకుని పోయారు. క్రాంతికుమార్ ముఖం మాడ్చుకుని బండి తీశాడు. తబిత పురుడు పోసిన పిల్లవాడే అతను. అయినా ఆ రోజు నుంచి ఆమెతో సరిగా మాట్లాడలేదు.

తబితది తిరుమలాయపాలెం దగ్గర పల్లె. తండ్రి ఆదివారం ప్రార్థన చెప్పేవాడు, మిగతా రోజులు కూలికి పోయేవాడు. నర్సు చదువు పూర్తికాగానే ఆమెకు ఈ ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. ఇక్కడే జీపు డ్రైవర్ ఆరోగ్యాన్ని పెళ్ళి చేసుకుంది. అతను కథోలిక్కు, ఆమె ప్రొటెస్టెంటు. ఆదివారం ఇద్దరూ చెరో గుడికి వెళ్ళొచ్చి ఒకే కంచం దగ్గర కూర్చునేవారు.

అప్పట్లో ఆసుపత్రిని ఒక విదేశీ డాక్టరమ్మ నడిపేది. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళను తండాల నుంచి, గూడేల నుంచి ఎడ్లబండ్ల మీద తెచ్చేవారు. డాక్టరమ్మ వాళ్ళకు రేడియం పెట్టేది. విరిగిన దబ్బనం ముక్కల్లా ఉండే సన్నని లోహపు గొట్టాలవి. లోపల చిటికెడు రేడియం పొడి. దాన్ని పుండు దగ్గర కొన్నాళ్ళు ఉంచి తీసేస్తే రక్తం కారడం ఆగేది. తబిత పొడుగు పట్టకారుతో వాటిని పట్టుకుని కడిగి, లెక్కపెట్టి, సీసం పెట్టెలో దాచేది. పక్క తండాలో ఉండే ద్వాలి తల్లి అట్లా వైద్యం చేయించుకుని చాలాకాలం బతికింది. అందుకే ఆ గొట్టాలను పాడువస్తువులని ఎవరైనా అంటే తబితకు ఒప్పబుద్ధి కాదు. కానీ డాక్టరమ్మ వేళ్ళ చివర చర్మం ఎండి, పగిలి, చివరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చిన సంగతి కూడా ఆమెకు తెలుసు.

హైదరాబాదులో పెద్ద యంత్రాలు వచ్చాక ఇక్కడ రేడియం పెట్టడం మానేశారు. డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ, "ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోతారు, అప్పటిదాకా చూసుకో" అని తబితకు చెప్పింది. ఎవరొస్తారో చెప్పలేదు. ఆమెకూ తెలిసి ఉండదు.

ఆటో వచ్చి వెళ్ళాక తబిత తిరగని ఆఫీసు లేదు. ఖమ్మంలో ఒకచోట అది పరిశ్రమల చెత్త కాదు, మాకు సంబంధం లేదన్నారు. ఇంకొకచోట ఆసుపత్రి చెత్తంటే దూది, సూదులేనమ్మా అన్నారు. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానాకు పోతే, అక్కడి డాక్టరు మాటలో మర్యాద ఉంది గానీ సాయం లేదు.

"మా దగ్గరున్నదే ఎక్కడ పెట్టాలో తెలియక చస్తున్నాం, మీది కూడా మేం పెట్టుకుంటామా?"

"ఊరి బయట లోతుగా గొయ్యి తీసి పూడిస్తే సార్?"

"ఆ పని మాత్రం చేయకండి. పదహారు వందల ఏళ్ళకు గానీ దాని బలం సగం కాదు. గొట్టం పగిలితే నీళ్ళలో కలుస్తుంది. అమ్మినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి."

అమ్మిన కంపెనీ సముద్రం అవతలిది. ఎప్పుడో మూతపడింది. బొంబాయిలో ఇలాంటివి చూసే అణుశక్తి ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఆసుపత్రి తరఫున బాధ్యుడైన అధికారి అడగాలన్నారు. ఆసుపత్రే లేనప్పుడు అధికారి ఎక్కడి నుంచి వస్తాడు? బాధ్యత కమిటీది. కమిటీ అంటే క్రాంతికుమార్.

"ఆంటీ, ఇన్నేళ్ళ నుంచి ఉన్నదే గదా. ఎవరికన్నా ఏమన్నా అయిందా? మీరే ఊరంతా చాటి, ఈ జాగా ఎవరూ కొనకుండ చేస్తున్నరు," అన్నాడు అతను.

తిరిగి తిరిగి కాళ్ళు పీకుతూ ఇంటికొస్తే, ఆ గది వరండాలోనే ద్వాలి మేకలు నీడకు పడుకుని ఉండేవి. వాటి మధ్య ద్వాలి గోడకు ఒరిగి కునుకు తీస్తుండేది.

"లే ద్వాలీ, లే! ఇక్కడ కూసోవద్దని ఎన్నిసార్లు చెప్పాలె?"

"ఏమున్నది సిస్టరమ్మా అందుల? పామా?"

"పాము కాదు. కనపడది, వాసన రాదు. పక్కన ఎక్కువ సేపుంటే లోపల్లోపల పాడుచేస్తది."

ద్వాలి గోడను చేత్తో తడిమి చూసింది. "సల్లగ మంచిగనే ఉన్నది గదమ్మా. నన్ను కన్న మా అవ్వకు దీంతోనే గదా నువ్వు బాగుజేసింది?"

తబిత కోపమంతా మేకల మీద చూపించి, వాటిని కర్రతో అదిలించింది. ఆ సాయంత్రం ఆరోగ్యం నవ్వుతూ, "దయ్యమున్నదని చెప్పు తబితా. ఒక్కరు కూడా అటు పోరు," అన్నాడు.

"దయ్యమంటే ప్రార్థన చేస్తమని జనమంతా అక్కడికే వస్తరు. నువ్వూరుకో అయ్యా," అని ఆమె గొణిగింది. కానీ అతను కూడా అంత తేలిగ్గా తీసుకోవడం ఆమెను చాలా బాధపెట్టింది.

మూడేళ్ళ తర్వాత ఖమ్మం నుంచి వెంకటప్పయ్య అనే మిల్లు యజమాని ఆ స్థలం చూడటానికి వచ్చాడు. కాలేజీ పెడతానన్నాడు. క్రాంతికుమార్ అన్ని గదులూ చూపించి చివరిది వదిలేశాడు. తబిత అడ్డం వెళ్ళి, ఆ గదిలో ఏముందో అతనికి ముఖం మీదే చెప్పేసింది. క్రాంతికుమార్ పళ్ళు కొరికాడు. వెంకటప్పయ్య మాత్రం తిట్టలేదు, వెనక్కీ పోలేదు. జేబులోంచి సెల్‌ఫోను తీసి ఎవరెవరితోనో మాట్లాడాడు. నెల తిరగకుండా బొంబాయి నుంచి వ్యానులో ఇద్దరు దిగారు.

తను ఇన్నాళ్ళూ కాళ్ళరిగేలా తిరిగితే కదలని పని, స్థలం కొనేవాడు రెండు ఫోన్లు కొడితే కదిలింది. సంతోషించాలో ఏడవాలో తబితకు అర్థం కాలేదు. పెట్టె పోతే చాలు, ఎవరి మాటతో పోతేనేం అనుకుని వాళ్ళకు టీ పెట్టి ఇచ్చింది.

వచ్చినవాళ్ళలో ఒకాయన రాజమండ్రి వైపు మనిషి. చేతిలో మీటరు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. పెట్టె దగ్గర అది టకటకా కొట్టుకుంది. అది అందరూ అనుకున్నదే. కానీ పెట్టెకు దూరంగా, మూలన గచ్చు దగ్గర కూడా అలాగే కొట్టుకుంది. అప్పుడు ఆయన ముఖం మారింది.

"ఒక గొట్టం ఎప్పుడో పగిలిందమ్మా. పొడి బయటికొచ్చింది," అన్నాడు బయటికొచ్చాక.

తబిత తన చేతుల వంక చూసుకుంది. పగిలింది తన చేతుల్లోనేనా? కడిగేటప్పుడా, పెట్టెలో సర్దేటప్పుడా? ఆ మాటే అడిగింది.

"ఎవరు చెప్పగలరండీ? పాతబడితే లోపలి గ్యాసుకు వాటంతటవే పగులుతాయి. మీరు మనసులో పెట్టుకోకండి."

గొట్టాలను బరువైన డబ్బాల్లోకి మార్చి వ్యానులో పెట్టారు. తర్వాత మూలన గచ్చు తవ్వించి, ఆ పెళ్ళలూ మట్టీ ఇనుప డ్రమ్ముల్లో నింపి మూతలు బిగించారు. డ్రమ్ములు మాత్రం అదే గదిలో పెట్టి కొత్త తాళం వేశారు.

"ఇవి తీసుకపోరా సార్?"

"మాకు అనుమతి ఉన్నది గొట్టాల వరకేనమ్మా. మట్టికి వేరే అనుమతి కావాలి, అక్కడ పెట్టడానికి చోటూ చూడాలి. ఊళ్ళో పోయడానికి లేదు, పూడ్చడానికి లేదు. మళ్ళీ వస్తాం. గదిలోకి మాత్రం నీళ్ళు చేరనివ్వకండి."

డ్రమ్ముల సంగతి వినగానే వెంకటప్పయ్య అటు నుంచి అటే కారెక్కాడు. కమిటీ కూర్చుని మాట్లాడింది. పెట్టె అట్లాగే ఉంటే స్థలం ఎప్పుడో అమ్ముడుపోయేదనీ, తబిత నోటివల్లే చెడిందనీ తేల్చింది. ముందు గదిలో ఆమె నడుపుతున్న చిన్న డిస్పెన్సరీని ఆపేయమన్నారు. క్వార్టర్‌లో మాత్రం ఉండనిచ్చారు. ఆ తాళానికి కాపలా ఎవరో ఒకరు కావాలి కదా.

ఆ వానాకాలం గది పైకప్పు కారింది. క్రాంతికుమార్‌కు కబురుపెడితే పలకలేదు. ఆరోగ్యం నిచ్చెన వేసుకుని పైకెక్కి టార్పాలిన్ కప్పాడు. కింద నిలబడి తబిత తాడు అందించింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. "దయ్యమని అన్నందుకు తప్పయింది," అన్నాడతను దిగుతూ. ఆమె అతనికి తల తుడుచుకొమ్మని తువ్వాలు ఇచ్చింది. మర్నాడు ద్వాలి, ఎవరూ అడగకుండానే, ముళ్ళకంప నరుక్కొచ్చి గది చుట్టూ వేసింది. ఎందుకో అర్థమై కాదు. సిస్టరమ్మ ఇంత తిప్పలు పడుతుంటే చూడలేకపోతున్నానంది.

మళ్ళీ వస్తామన్నవాళ్ళు రాలేదు. రాజమండ్రి ఆయన మొదట్లో ఫోనెత్తేవాడు, ఫైలు కదులుతోంది అనేవాడు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. రెండు వేల తొమ్మిది వానలకు ముందు, టార్పాలిన్ చినిగిందని తబిత బస్సెక్కి టేకులపల్లి పోయి, బూత్‌లోంచి మళ్ళీ ఆ నంబరుకు చేసింది. ఎత్తింది ఎవరో కొత్త అమ్మాయి.

"ఏ డ్రమ్ములండీ? నాకు తెలియదు. మొదటి నుంచి చెప్పండి."

తబితకు ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. బూత్ అబ్బాయిని స్టూలు అడిగి తీసుకుంది, కూర్చుంది, చెమట తుడుచుకుంది.

"అమ్మా, మాది మిషన్ ఆసుపత్రి," అని మొదలుపెట్టింది.