అటుపక్క ఖాళీ

ఆ సాయంత్రం ఫ్రీమాంట్ వెళ్లే రైల్లో ఒకడు, తలకు స్కార్ఫ్ చుట్టుకున్న అమ్మాయి ముందు నిలబడి, "మీ దేశానికి పో" అని అరుస్తున్నాడు. మేమంతా ఫోన్లలోకి తలలు దించేశాం. నా పక్కనున్న తెల్లజుట్టు పెద్దావిడ మాత్రం లేచి వెళ్లి, ఆ అమ్మాయి ఉన్న పొడవాటి సీట్లో ఆమెను ఆనుకుని కూర్చుంది. ఏమీ అనకుండా అతన్నే చూడసాగింది.

పాపం, భయంతో నోట మాట రావడం లేదనుకున్నాను. మా తెలుగు చర్చిలో దేవుణ్ణి పిలవాలన్నా మైకు ఉండాలి మరి. దగ్గరికి వెళ్లి, "ఆర్ యూ ఓకే, మేడమ్?" అన్నాను.

"నేను క్వేకర్‌ని. మా క్రైస్తవ శాఖలో ప్రార్థన ఇలాగే మౌనంగా చేస్తాం," అంది చూపు తిప్పకుండా. "ఈ అమ్మాయికి అటుపక్క ఇంకా ఖాళీగానే ఉంది."

కూర్చున్నాను. అతను గొంతు ఇంకా పెంచాడు. నా స్టేషన్ వచ్చింది, వెళ్లిపోయింది. నేను లేవలేదు.