ఎదురింటికి అలవాటు

మా కుక్కకి నేనొక పేరు పెట్టాను. క్లాసులో పాఠం చెబుతూ కూడా మనసులో తిప్పి తిప్పి చూసుకుని పెట్టిన పేరు. అది ఆ పేరుకి ఒక్కనాడూ పలకలేదు కాబట్టి ఇక్కడ రాయను. ఎదురింటావిడ ‘చిన్నోడా’ అంటే మాత్రం ఏ మూలనున్నా పరిగెత్తుకెళ్ళేది.

భవానీపురంలో మా అపార్ట్‌మెంట్‌లో కుక్కని పెంచుకోవాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. నేనొక్కదాన్నే ఉంటాను. బెంజ్ సర్కిల్ దగ్గర కాలేజీలో సాయంత్రం దాకా గొంతు పోయేలా పాఠాలు చెప్పి, బస్సులో నిలబడి ఇంటికొచ్చి తాళం తీస్తే వినబడేది ఫ్రిజ్ చప్పుడొక్కటే. నన్ను చూసి ఎగిరి గంతులేసే ప్రాణి ఒకటి కావాలనిపించింది. ఇంతకు మించి నేనేమీ కోరుకోలేదు. ప్రెసిడెంటు గారికి ఇదంతా చెప్పలేక దొంగల భయమన్నాను.

సెల్లార్‌లో, కార్ల మధ్య కుర్చీలు వేసుకుని మీటింగ్ పెట్టారు. గట్టిగా వద్దన్నది ఎదురు ఫ్లాటావిడ ఒక్కతే. స్కూల్లో చేసి రిటైరయ్యారు, అందరూ టీచర్ గారనే అంటారు. బుధవారం సాయంత్రాలు వాళ్ళ హాల్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. కుక్క మొరుగుతుంటే ప్రార్థన ఎలా సాగుతుందని అడిగారు. ప్రెసిడెంటు గారు ఇద్దరికీ సర్దిచెప్పారు. తెలిసిన మనుషుల్ని చూస్తే కుక్క మొరగదు కాబట్టి, ముందు దాన్ని ఎదురింటికి అలవాటు చెయ్యమన్నారు. వేసవి పోయాక టీచర్ గారు సరేనంటే కుక్క ఉంటుంది, కాదంటే పంపించెయ్యాలి.

కుక్కని తెచ్చుకున్నాక అలవాటు చేసింది నేనే. బిస్కెట్ ప్యాకెట్ కొని ఆవిడ చేతిలో నేనే పెట్టాను. ఆవిడ ముక్కు చిట్లించుకుని, వేళ్ళ చివర్లతో పట్టుకుని, ఒక బిస్కెట్ దాని ముందు పడేశారు. కొన్నాళ్ళకి బిస్కెట్లు ఆవిడే కొనడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకి, పగలంతా దాన్ని ఒంటరిగా ఎందుకు, కాలేజీకి వెళ్తూ తమ ఇంట్లో వదిలి వెళ్ళమన్నారు. నాకూ వీలుగానే ఉందని వదిలాను. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆవిడ మటన్ వండేవారు. ఎముకలన్నీ దానికే. మా ఇంట్లో పెరుగన్నం తప్ప ఏముంటుంది?

ప్రార్థనలో మొరగడం మాట దేవుడెరుగు. ఆవిడ చాప పక్కనే ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి, ఆమెన్ అనేదాకా కదలదట. కూడికకి వచ్చినవాళ్ళు లిఫ్టు దగ్గర నన్ను ఆపి మరీ మెచ్చుకున్నారు. నాకు కడుపు మండిపోయింది. నా దగ్గర ఒక్క క్షణం కుదురుగా కూర్చోని కుక్క అది.

ఒకరోజు నేను లిఫ్టు దిగేసరికి అది ఆవిడ గుమ్మంలో పట్టా మీద పడుకుని ఉంది. తలెత్తి నన్ను చూసింది. తోక ఓసారి నేలకేసి కొట్టి మళ్ళీ కళ్ళు మూసుకుంది. అద్దెకున్నవాళ్ళు ఇంటి ఓనరుని పలకరించినట్టుంది ఆ పలకరింపు. ఆవిడ లోపల్నుంచి, “మీ అమ్మొచ్చింది, వెళ్ళరా” అని చెబితే గానీ లేవలేదు. ఆవిడ పంపితే అది నా ఇంటికొచ్చింది.

మర్నాటి నుంచి పంపడం మానేశాను. ఎండలింకా తగ్గలేదు, బయట తిరగకూడదని ఏదో చెప్పాను. నీళ్ళూ అన్నమూ పెట్టి, తలుపేసి కాలేజీకి వెళ్ళేదాన్ని. బుధవారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. ఎదురింట్లో పాట ఎత్తుకోగానే అది తలుపు గీరడం మొదలుపెట్టింది. తర్వాత మూలిగింది. తర్వాత మెడ పైకెత్తి ఎంత ఏడుపు ఏడ్చిందంటే, అక్కడ పాట ఆగిపోయింది. ఆ ఆదివారమే కుక్క సంగతి తేల్చే మీటింగ్. ఈ గోలతో పని చెడుతుందని తెలుసు. అయినా తలుపు తీయలేదు. తీస్తే ఎటు వెళ్తుందో కూడా తెలుసు.

ఆదివారం సెల్లార్‌లో ప్రెసిడెంటు గారు ఆవిడనే అడిగారు. బుధవారం నాటి గోల పై అంతస్తు వాళ్ళు కూడా విన్నారు, ఇంక మీరే చెప్పాలి టీచర్ గారూ అన్నారు. నేను చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను. దాన్ని ఎవరికిచ్చి పంపాలా అని ఆలోచిస్తున్నాను. ఆవిడకి మాత్రం ఇవ్వకూడదనుకున్నాను.

“వాడు మొరగలేదండీ, ఏడ్చాడు” అన్నారావిడ. “తలుపేసి కూర్చోబెడితే ఎవరైనా ఏడుస్తారు. ఉండనివ్వండి. పగలు మా ఇంట్లో ఉంటాడు.”

అందరూ నా వైపు చూశారు. సరేనన్నాను. నా కుక్క నా దగ్గర ఉండాలంటే రోజూ దాన్ని తీసుకెళ్ళి ఆవిడకి అప్పజెప్పాలి. నాకు దొరికిన అనుమతి అది.

లిఫ్టులో మేమిద్దరమే. ఆవిడ బటన్ నొక్కి, నా వైపు తిరగకుండానే అన్నారు.

“నామీద కోపమొస్తే నా తలుపు కొట్టమ్మాయ్. వాడికి తలుపెయ్యకు.”

పైకి వచ్చి తాళం తీస్తుంటే లోపల గోళ్ళ చప్పుడు. ఆవిడ తన గుమ్మం దగ్గరే ఆగారు, కావాలనే నోరు మెదపలేదు. నేను పెట్టిన పేరు నా నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, “చిన్నోడా” అన్నాను. అవతల తోక తలుపుకేసి టపటపా కొట్టుకుంది. తలుపు తీశాక వాడు ముందు ఎవరి దగ్గరికి దూకాడో, అదీ ఇక్కడ రాయను.