ఎడమ సీటులో డ్రైవరు గారు

మా ఆయన ఉద్యోగమంతా బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక ముచ్చటపడి కొన్న చిన్న కారుని ఆయన నడిపింది కొద్దికాలమే. కంటి నరాలు దెబ్బతిని చూపు మసకబారిందని, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని గుడివాడలో కంటి డాక్టరు చెప్పేశారు. అలా యాభై దాటాక నేను డ్రైవింగు నేర్చుకున్నాను. బందరు నుంచి అవనిగడ్డ దగ్గర నేను పాఠాలు చెప్పే బడికి ఏళ్ల తరబడి బస్సుల్లో నిలబడి వెళ్లిన దాన్ని. నా అంతట నేను కారు నడుపుకుంటూ వెళ్తుంటే నన్ను చూసి నాకే ముచ్చటేసేది.

డ్రైవరు గారు పక్కన కూర్చున్న రోజు మాత్రం ఆ ముచ్చట తీరేది కాదు. క్లచ్చు మీద కాలు తియ్యమనేవారు, హారన్ కొట్టమనేవారు, ఆ సైకిలాయన ఇటే తిరుగుతాడు చూడమనేవారు. కనపడీ కనపడని కళ్లతో ఆయన చెప్పినవి సగం నిజమయ్యేవి కూడా. నాకు ఒళ్లు మండేది అందుకే.

మొన్న వర్షాలు తగ్గాక బ్రేకులు అరిగాయంటే ముందు చక్రాలకి ప్యాడ్లూ, డిస్కులూ రెండూ కొత్తవి వేయించాం. కొన్నాళ్లు బాగానే ఉంది. ఆ తర్వాత వేగంలో బ్రేకు తొక్కితే చాలు, స్టీరింగు గడగడా వణికేది. మెకానిక్కుని అడిగితే, అన్నీ కొత్తవే వేశాక ఇంకేం ఉంటుంది మేడమ్, మీరు సడన్ బ్రేకులు కొడుతున్నారేమో అన్నాడు. మా ఆయన అతనికి వంత పాడారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస అని నవ్వి, కారు అమ్మేద్దామన్నారు. నవ్వుతూ అన్నా ఆయన ఒకటి అనుకుంటే అయిపోయినట్టే. కొనేవాళ్ల కోసం నలుగురినీ అడగడం కూడా మొదలుపెట్టారు. మళ్లీ బస్సు కోసం నిలబడాలన్న దిగులు ఒక ఎత్తు. నాకు చేతకాక అమ్మేశారన్న మాట మిగిలిపోతుందన్న బాధ ఇంకో ఎత్తు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక గూడూరు వైపు వెళ్తున్నాం. ఆరబోసిన వడ్లన్నీ ఎత్తేశారు, రోడ్డు ఖాళీగా ఉంది. నాకు తిక్క రేగింది. ఆయన కుడిచెయ్యి లాగి స్టీరింగు మీద పెట్టి, పట్టుకోండి అన్నాను. ఆయన ఎప్పుడూ చెప్పేటట్టే, నిదానంగా బ్రేకు తొక్కాను. స్టీరింగు ఆయన చేతిలో వణికింది. కారు ఆగినా ఆయన చెయ్యి తియ్యలేదు. డాక్టరు వద్దన్న తర్వాత ఆయన స్టీరింగు ముట్టుకోవడం అదే మొదలు.

"తప్పు నీ కాలిది కాదు. బండిదే," అన్నారు.

మర్నాడు షెడ్డుకి వెళ్లి, నా కళ్ల ముందే చక్రం విప్పించాను. డిస్కు కూర్చునే చోట బందరు ఉప్పుగాలికి తుప్పు పొరలు పొరలుగా అట్టకట్టి ఉంది. దాన్ని గీకకుండానే పైన కొత్త డిస్కు బిగించేశారు. పీట కింద బియ్యపుగింజ పడితే పీట ఊగదూ, ఇదీ అంతే. వెంట్రుకవాసి వంకరలో తిరిగి తిరిగి డిస్కు ఎగుడుదిగుడుగా అరిగిపోయింది. మెకానిక్కుని దులిపేశాను. తుప్పంతా గీకించి, డిస్కులని లేతు మిషను మీద సమం చేయించి మళ్లీ బిగించాక వణుకు పోయింది.

కారు అమ్మే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. తర్వాతి వారం కంటి పరీక్షకి గుడివాడ బయల్దేరాం. పెడన దాటాం, గుడ్లవల్లేరు దాటాం. ఆయన ఒక్క మాట అనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరి కారులోనో లిఫ్టు అడిగి ఎక్కిన మనిషిలా కూర్చున్నారు. మాట నెగ్గించుకున్నానని సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన ఆ సతాయింపుతోనే కారు నడుపుతున్నారని నాకు అప్పటిదాకా తట్టలేదు. నన్ను నమ్మాక ఆయనకి ఇక అందులో పని లేకుండా పోయింది.

ముందు చేపల లారీ ఒకటి నీళ్లు కార్చుకుంటూ నెమ్మదిగా పోతోంది. ఎదురుగా ఏ బండీ లేదు. రోడ్డు కనుచూపుమేర ఖాళీగా ఉంది.

"ఏమండీ, దీన్ని దాటెయ్యనా?" అన్నాను.

ఆయన ముందుకి వంగారు. ఆ లారీ వెనకభాగం తప్ప ఆయనకి ఇంకేమీ కనపడదని నాకు తెలుసు. చాలాసేపు అలాగే చూశారు.

"ఆగు," అన్నారు.

బ్రేకు మీద కాలు పెట్టాను.