జపమాల లేని కథ

రిసెషన్ రోజుల్లో మేము అమెరికాలో, షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. అక్టోబర్ వచ్చిందంటే అక్కడి తెలుగు క్యాథలిక్కులం వారానికొక ఇంట్లో చేరి, పూసలు లెక్కపెడుతూ మరియమాతను ప్రార్థించే జపమాల చెప్పుకునేవాళ్ళం. ప్రార్థన నడిపించేది ఒక రిటైరైన డాక్టరు. మేమంతా ఆవిడను ఆంటీ అనేవాళ్ళం. భర్త ఆఖరి గంటల్లో ఆయన వేళ్ళ మధ్య జపమాల పెట్టి, పూస పూసకీ ఆయన ఊపిరి వింటూ కూర్చున్న సంగతి ఒకసారి నాకు చెప్పారు. "దీన్ని కథగా రాయమ్మా" అన్నారు.

రాశాను. తెలుగు సంఘం సావనీర్‌కి పంపే ముందు మాత్రం జపమాల తీసేసి విష్ణు సహస్రనామం పెట్టాను. మరియమాత పటం ఉన్నచోట వెంకటేశ్వరస్వామి పటం తగిలించాను. నన్ను ఎవరూ అడగలేదు. జపమాల కనబడితే మతప్రచారం అంటారేమోనని నాకు నేనే భయపడి చచ్చాను. తమాషా ఏమిటంటే, నాకు రాయడం నేర్పింది చర్చే. పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, ముందు కళ్ళు మూసుకుని, చేసిన తప్పును సాకులు లేకుండా తలుచుకోమని చిన్నప్పుడు సిస్టర్లు అలవాటు చేశారు. నా కథల్లో మనుషులంతా ఆ పనే చేస్తారు. చర్చికి మాత్రం ఒక్కరూ వెళ్ళరు.

కథ అచ్చయింది. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఆంటీకి అప్పటికి శుక్లాలు ముదిరి అక్షరాలు ఆనడం లేదు. సావనీర్ తెప్పించుకుని నన్ను ఇంటికి పిలిచారు.

"నువ్వే చదివి వినిపించమ్మా. మా ఆయన సంగతి కదా, నీ నోటితోనే వినాలి."

సహస్రనామం దగ్గరికి వచ్చేసరికి "జపమాల" అని చదివేశాను. ఇక అక్కడినుంచి పేజీలో ఉన్నది ఒకటి, నేను చదివింది ఒకటి. స్వామి పటాన్ని మళ్ళీ మరియమాతను చేశాను. ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ విన్నారు.

"మన ప్రార్థన తెలుగు పుస్తకంలో అచ్చయిందన్నమాట! ఐ యామ్ సో ప్రౌడ్ ఆఫ్ యూ. దాన్ని ఆ టేబుల్ మీదే ఉంచమ్మా. నెక్స్ట్ వీక్ క్యాటరాక్ట్ సర్జరీ. అయ్యాక ఫస్ట్ చదివేది అదే."

నిజం చెప్పాల్సింది అప్పుడే. పిరికిదాన్ని, చెప్పలేకపోయాను. సర్జరీ బాగా జరగాలని ఆ వారమంతా జపమాల చెప్పాను. ఆ పుస్తకం ఎక్కడైనా పోతే బావుణ్ణని మధ్యలో కోరుకున్నాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సర్జరీ బాగానే జరిగింది. పుస్తకమూ పోలేదు. కొన్నాళ్ళకి ఆంటీ ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను. గొంతులో కోపం లేకపోయేసరికి ఇంకా కుంగిపోయాను.

"చదివానమ్మా, బావుంది. కానీ ఇందులో మా ఆయన లేరు. ఆ రోజు నాకు చదివావే, ఆ కథ ఎక్కడ దొరుకుతుంది?"

"అది ఇంకా రాయలేదు ఆంటీ."

"అయితే రాయి. ఇప్పుడు నాకు కళ్ళు బాగా కనిపిస్తున్నాయి."